ముందే పెట్టిన సంతకాలు

పొన్నలమెరక, రాజోలు దగ్గర
4 ఫిబ్రవరి 2025

సత్యా,

వదినని, రాజ్యలక్ష్మిని. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. శుక్రవారం నువ్వు పనిచేసే ఇంటావిడ నీ చేతికి ఫోన్ ఇచ్చే ఆ పావుగంటా మీ అన్నయ్య నా పక్కనే కూర్చుని స్పీకరు పెట్టిస్తాడు. ఆయన వినకూడని సంగతి ఇది. మన బేబి గురువారం మస్కట్ విమానం ఎక్కుతోంది, అందుకని దాని చేతికిచ్చి పంపుతున్నాను. సున్నుండలు కూడా ఇచ్చాను. దారిలో అది తినెయ్యకుండా ఉంటే నీ అదృష్టం.

నాకు ఒళ్లు మండిపోతోంది సత్యా. ఊరి మెరక చుట్టూ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు రొయ్యల చెరువులు తవ్విస్తున్నారు. రెండు చెరువులు నిండేసరికే మన బోర్లు ఉప్పెక్కాయి, ఇప్పుడు మూడోది తవ్వుతున్నారు. కందిపప్పు గంటసేపు పొయ్యి మీద ఉన్నా ఉడకదు. అన్నం పచ్చగా దిగుతుంది. చంటిపిల్లల ఒంటి నిండా దురదలు. ఊళ్లో మగాళ్లకి మాత్రం ఏమీ తెలియదు, ఎందుకంటే పక్క ఊరి నుంచి బిందె మోసుకొచ్చేది వాళ్లు కాదు కదా.

పదకొండు ఊళ్ల మహిళా సంఘాలం కలిశాం. నిన్న సోమవారం అర్జీల రోజు కదా, అరవై మందిమి బస్సెక్కి అమలాపురం కలెక్టరాఫీసుకి వెళ్లాం. మేం అడిగింది ఒక్క మా ఊరి చెరువుల సంగతి కాదు. మంచినీళ్ల బోర్లున్న చోట రొయ్యల చెరువుకి అనుమతి ఇవ్వాలంటే ముందు ఆ ఊరి ఆడవాళ్లని సభలో కూర్చోబెట్టి అడగాలి, వాళ్లు వద్దంటే ఇవ్వకూడదు, జిల్లా అంతటికీ ఈ నియమం పెట్టమన్నాం. మన వీధి చిట్టెమ్మత్తయ్య కూడా వచ్చింది, డెబ్భై ఏళ్ల మనిషి, చెప్పులు తెగిపోతే చేత్తో పట్టుకుని మరీ నడిచింది.

అర్జీలు తీసుకునే ఆఫీసరు ఫైలు తిరగేసి నవ్వాడు. "మీ ఊరి ఆడవాళ్లంతా ఒప్పేసుకున్నారు కదమ్మా. మళ్లీ ఈ అర్జీ ఏంటండీ?" అన్నాడు. ఫైల్లో ఒక కాగితం ఉంది. మాకు ఏ అభ్యంతరమూ లేదని రాసి కింద నలభై ఒక్క సంతకాలు. నాది మొదటిది. నలభయ్యోది నీది! కాగితం మీద తేదీ 12 జూన్ 2024. నువ్వు వెళ్లింది 2022 నవంబరులో.

ఎవడో మా అందరి పేర్లతో దొంగ సంతకాలు పెట్టేశాడు. మిగతా నలభై మందిమీ పెట్టలేదంటే ఎవరూ నమ్మరు, ఊళ్లోనే ఉన్నాం కాబట్టి. నువ్వు దేశంలోనే లేవు. నీ పాస్‌పోర్టులో దేశం దాటిన రోజున వేసిన ముద్ర ఉంటుంది. ఆ పేజీ జిరాక్స్ పంపు చాలు, ఆ కాగితం అబద్ధమని తేలిపోతుంది. కాగితం నకలు కూడా ఇందులోనే పెడుతున్నాను, నువ్వే చూడు.

బాదంపప్పు, సెంటు సీసాలు ఏమీ వద్దు. ఆ ఒక్క జిరాక్స్ పంపించు.

కోపంతో కుతకుతలాడుతున్న
నీ వదిన

*

మస్కట్
9 మార్చి 2025

పొన్నలమెరక మహిళా సంఘం అధ్యక్షురాలు శ్రీమతి రాజ్యలక్ష్మి గారికి సత్యశ్రీ నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం బేబి తెచ్చి ఇచ్చింది. సున్నుండలు ఆరు మిగిలాయి.

మీరు నాకు చెప్పనిది ఒకటుంది. అది అన్నయ్య చెప్పాడు. పోయిన శుక్రవారం మీరు మీటింగుకి వెళ్లారట, ఆయనొక్కడే ఉన్నాడు. "నీ అరెకరం లీజుకిచ్చానే అమ్మా. రొయ్యల చెరువు తవ్వితే నీకే మంచిదని. మీ వదిన దాన్ని ఆపించి తన పేరన రాయించుకుందామని కలెక్టరాఫీసు చుట్టూ తిరుగుతోంది" అన్నాడు. నేను నమ్మలేదు. కానీ మీ ఉత్తరం మళ్లీ మొదటి నుంచీ చదివాను. మూడో చెరువు ఎవరి భూమిలో తవ్వుతున్నారో మీరు ఒక్క ముక్క రాయలేదు. మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం అది. అందులో గొయ్యి తవ్వుతుంటే నాకు చెప్పాల్సిన మనిషి మీరు కారా? జిరాక్స్ కావలసొచ్చినప్పుడు మాత్రం సత్య గుర్తుకొచ్చిందా?

ఇంకొకటి. ఆ నకలు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాను. నా పేరు పక్కన నల్లటి మరక ఉంది చూశారా? అది ఆవకాయ నూనె. నేను బయల్దేరే ముందురోజు సాయంత్రం జాడీకి గుడ్డ కడుతున్నాను. సంఘం వాళ్లందరూ నన్ను సాగనంపడానికి వచ్చారు. అందరూ ఒక్కచోట మళ్లీ ఎప్పుడు దొరుకుతారంటూ మీరు సంఘం మీటింగుల పొడుగు పుస్తకం తెరిచారు. "వరుసగా మూడు మీటింగులకి రాకపోతే పేరు కొట్టేస్తారే సత్యా. మూడేళ్లకీ సంతకాలు పెట్టేసి వెళ్లు" అన్నారు. ముప్పై ఆరు ఖాళీ పేజీలు. నా చెయ్యి నొప్పెట్టింది. నాతో పాటు అందరి చేతా పెట్టించారు, కోతల రోజుల్లో కూలి మానుకుని మీటింగుకి ఎవరొస్తారని. చిట్టెమ్మత్తయ్య ప్రతి పేజీలోనూ ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాసింది.

అవి దొంగ సంతకాలు కావు. నేను పెట్టినవే. మీరు పెట్టించినవే.

ఇక్కడ సముద్రపు నీళ్లని తీపి చేసి పైపుల్లో పంపుతారు. ఎడారిలో కూర్చుని నేను తియ్యటి నీళ్లు తాగుతున్నాను. గోదావరి పక్కనున్న మీరు ఉప్పునీళ్లు తాగుతున్నారు. దానికి నాకూ కడుపు మండుతోంది. కానీ ఇంట్లోవాళ్లు ఇద్దరూ చెరో అబద్ధం చెబుతుంటే నేను ఎవరికి సాయం చెయ్యాలి?

ఇట్లు
సత్యశ్రీ, సంఘం సభ్యురాలు

*

పొన్నలమెరక
1 ఏప్రిల్ 2025

సత్యా,

నన్ను 'మీరు' అన్నావు. పద్నాలుగేళ్లు ఒక కంచంలో తిన్నాం, నీకు జ్వరమొస్తే నా చేతులతో గంజి తాగించాను, నన్ను 'గారు' అన్నావు. చెంప మీద కొట్టినా ఇంత మండేది కాదు.

నీ అరెకరం నాకెందుకే? రాయకపోవడం నా తప్పే. దేశం కాని దేశంలో పరాయి పిల్లల ముక్కులు తుడుస్తున్నదానికి నీ భూమిలో గొయ్యి తవ్వేశారని ఎలా రాయను? ఆ చెరువు ఆగితే అప్పుడే చెబుదాం అనుకున్నాను. మీ అన్నయ్య నీ చేలో వరి ఊడ్చడం మానేసిన రోజు నుంచీ నేను ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడుతున్నాను. కూర ఉంది, వడ్డించాను, ఇంతే.

ఇక సంతకాల సంగతి. నీ ఉత్తరం చదివి ముందు నీ మీద చిందులు తొక్కాను. ఖాళీ పేజీల మీద పెట్టించకపోతే సంఘం ఉండేదా? వారానికి ఆరు రోజులు కూలికెళ్లే మనుషులు నెలనెలా వచ్చి కూర్చుంటారా? గల్ఫ్ వెళ్లిన వాళ్ల పేర్లన్నీ కొట్టేస్తే ఊళ్లో సగం సంఘం ఖాళీ. పైవాళ్లకి కావలసింది పుస్తకం నిండా సంతకాలు. ప్రతి ఊళ్లోనూ ఇలాగే చేస్తారు. ఇలా ఓ గంటసేపు గోడతో పోట్లాడాను.

తర్వాత బీరువా తెరిచాను. పుస్తకంలో ఆ పేజీలు లెక్కపెట్టాను. ముప్పై ఆరు ఉండాలి, ముప్పై అయిదే ఉన్నాయి. కుట్టు దగ్గర బ్లేడుతో కోసిన అంచు చేతికి తగిలింది. బీరువా తాళం రెండు చోట్లే ఉంటుంది. ఒకటి నా మొలలో, ఒకటి మీ అన్నయ్య మొలతాడుకి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకున్నాను. అన్నం దగ్గర అడిగాను.

"ఖాళీ కాగితమే కదే. ఊరు బాగుపడతాదని ఇచ్చేను. రావు గారు మన మేలు కోరే అడిగేరు" అన్నాడు. ఒక్క మెతుకు కూడా వదలకుండా తిని లేచాడు.

ఇప్పుడు చెప్పు, నన్నేం చెయ్యమంటావు? మే 26న విచారణ పెట్టారు. ఈసారి పై ఆఫీసరు వస్తున్నారు. మొగుడు నా పుస్తకం దొంగిలించాడని పదకొండు ఊళ్ల ముందు చెప్పమంటావా? అంతకుముందు ఖాళీ పేజీల మీద సంతకాలు నేనే పెట్టించానని కూడా చెప్పాలి. అది చెబితే నన్ను పీకేస్తారు. నేను లేకపోతే ఈ పోరాటం ఎవరు నడుపుతారు? దొంగ సంతకాలంటే సరిపోతుంది. నీళ్ల కోసం చిన్న అబద్ధం. నువ్వు ముద్ర ఉన్న పేజీ పంపు, మిగతాది నాకొదిలెయ్యి.

చిట్టెమ్మత్తయ్య సంతకం చెయ్యడం నేర్చుకున్నది మన సంఘంలోనేనని గుర్తుందా? ఆ కాగితం చూసి "ఇదేంటే రాజ్యం, నా చేతి రాతే కదా!" అంది. నేను మాట మార్చేశాను.

నీ వదిన
('గారు' అక్కర్లేదు)

*

పొన్నలమెరక
2 మే 2025

సత్యశ్రీకి,

నెల దాటింది. జవాబు లేదు. శుక్రవారాలు మూడు పోయాయి, ఫోనూ లేదు. మీ అన్నయ్యతో మాట్లాడుకుంటున్నావేమో నేను లేనప్పుడు. అర్థమైంది. ఎంతైనా నీ రక్తమూ ఆయనదీ ఒకటే. నేను బయటినుంచి వచ్చినదాన్ని. నీ చెరువులో రొయ్యలు బాగా పెరగాలని కోరుకుంటాను.

ఊళ్లో నీళ్లు మాత్రం తాగలేకపోతున్నాం. మన పక్కింటి శ్రీదుర్గ రెండో కాన్పుకి ఆసుపత్రికెళ్తే ఒళ్లంతా నీరు పట్టిందన్నారు. అది కూడా నీకు చెప్పాలా?

రాజ్యలక్ష్మి

*

మస్కట్
14 మే 2025

వదినా,

ఇక్కడ పక్కింట్లో పనిచేసే దుర్గాభవాని రేపు సెలవు మీద అంతర్వేది వస్తోంది. ఈ ఉత్తరం నీ చేతికే ఇస్తానని వాళ్ల అమ్మ మీద ఒట్టేసింది. పాస్‌పోర్టు పేజీ జిరాక్స్ ఇందులో ఉంది.

ఇన్నాళ్లూ రాయలేదని తిట్టుకుంటూ ఉండి ఉంటావు. నా పాస్‌పోర్టు నా దగ్గరుండదు, ఇంటావిడ దగ్గరుంటుంది. నీ ఏప్రిల్ ఉత్తరం రాగానే అడిగాను. ఎందుకంది. మా ఊళ్లో నీళ్ల గొడవ అని చెప్పాను. నీళ్లకీ పాస్‌పోర్టుకీ ఏమిటి సంబంధమంది. నేను పారిపోవడానికి అడుగుతున్నానని అనుకుంది. అప్పటినుంచీ ఫోన్ బంద్. వంటింటి తలుపు కూడా బయటినుంచి గడియ పెట్టేది. మూడు వారాలు. చివరికి వీసా రెన్యువల్‌కి వేలిముద్రలు వెయ్యడానికి ఆఫీసుకి తీసుకెళ్లారు. అక్కడ జిరాక్స్ తీసే ఆవిడ కేరళ మనిషి. చేతులు పట్టుకుని బతిమాలితే ఆ పేజీ రెండు కాపీలు తీసి ఒకటి నా జాకెట్లోకి తోసింది. భాష రాకపోయినా ఆడమనిషి భయం ఆడమనిషికి తెలుస్తుంది.

ఇంత కష్టపడి తెచ్చాను కాబట్టి ఒక మాట చెప్పే హక్కు నాకుంది, విను. దొంగ సంతకాలని మాత్రం చెప్పకు.

మనం అడుగుతున్నది ఏమిటి? మమ్మల్ని కూర్చోబెట్టి అడగకుండా మా పేరు వాడుకోవద్దనే కదా. మరి నువ్వు చేసిందేమిటి వదినా? మమ్మల్ని కూర్చోబెట్టావు గానీ ఏమీ అడగలేదు. మూడేళ్లలో ఏ నెల ఏం తీర్మానం చేస్తారో ఏమీ తెలియకుండానే ఒప్పుకున్నామని రాయించుకున్నావు. నీది మంచి మనసు కాబట్టి పేజీ బీరువాలో ఉంది. అన్నయ్యది కాదు కాబట్టి ఫైల్లోకి వెళ్లింది. పేజీ అదే. దొంగ సంతకమంటే ఏదో గుమాస్తాని ఇరికించి వదిలేస్తారు, మళ్లీ వచ్చే ఏడాది నువ్వు ఇంకో పుస్తకం తెరుస్తావు.

అరెకరం సంగతి విడిగా ఒక కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను. నా భూమిలో చెరువు నాకు ఇష్టం లేదని, లీజు నేను ఒప్పుకోలేదని. అన్నయ్య నా అన్నయ్యే. నాకూ ఏడుపొచ్చింది. అయినా రాశాను. ఆ కాగితం మీద ఏముందో చదువుకునే సంతకం పెట్టాను.

ఈ జిరాక్స్ చూపించే ముందు నువ్వు లేచి నిజం చెప్పాలి. చెప్పలేకపోతే దీన్ని చింపి గోదాట్లో వేసెయ్యి. నేను మూడు వారాలు గడియ వెనకాల ఉన్నది అబద్ధానికి సాక్ష్యం ఇవ్వడానికి కాదు.

సత్య

*

పొన్నలమెరక
28 మే 2025

సత్యా,

ముందు ఒక మాట. మే 2న నీకు ఒక ఉత్తరం పోస్టులో వేశాను. అది అందితే చదవకుండా చింపెయ్యి. ఈపాటికే చదివేసి ఉంటే ఆ రాసినదాన్ని ఎంత తిట్టాలో అంతా తిట్టు, నేను పడతాను. నువ్వు తలుపు వెనకాల ఉంటే నేను నిన్ను రొయ్యలంటూ ఎత్తిపొడిచాను. నా నోరు పడిపోను.

విచారణకి పదకొండు ఊళ్ల నుంచి రెండొందల మంది వచ్చారు. ఆలమూరు వైపు నుంచి కూడా ఒక వ్యాన్ వచ్చింది, వాళ్లకింకా చెరువులు రాలేదు, రాకముందే నేర్చుకుందామని. మీ అన్నయ్య వెనక బెంచీలో సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి పక్కన కూర్చున్నాడు. ఆ కాగితం ఎత్తి చూపించి "ఈ సంతకాలు మీవేనా కాదా?" అని పై ఆఫీసరు అడిగారు. మనవాళ్లు అందరూ ఒక్కసారే "కాదండీ" అని లేచారు.

నేనొక్కదాన్నీ "మావేనండి" అన్నాను.

హాలు ఎలా అయిపోయిందో రాయలేను. చిట్టెమ్మత్తయ్య నావైపు తిరిగి చూసిన చూపు చాలు. అంతా చెప్పేశాను. నువ్వు వెళ్లే ముందు రోజు, ముప్పై ఆరు పేజీలు, నేనే పెట్టించానని. బీరువా తాళం సంగతి కూడా చెప్పాను. "కోసిచ్చింది మా ఇంటాయనండీ" అన్నాను. తర్వాత నీ జిరాక్స్, నీ కాగితం ముందు పెట్టాను.

"అంటే తప్పు మీదేనన్నమాట" అన్నారు ఆఫీసరు.

"ఆయ్, నాదేనండి. నేను ఒప్పుకున్నానండి. మరి మస్కట్లో ఉన్న మనిషి పొన్నలమెరకలో సంతకం పెట్టిందని నమ్మి ముద్రేసిన వాళ్లెవరండీ? ఊళ్లోకొచ్చి నలభై ఒక్క మందిలో ఒక్కర్ని అడిగేరా అండీ? ఒక్కర్ని అడిగినా చెప్పేవాళ్లం కదండీ, ఆ పిల్ల ఊళ్లో లేదని!" అన్నాను. రెండొందల మంది ఒక్కసారి అరిచారు. నేనెప్పుడూ అంత గట్టిగా అరవలేదు, నా గొంతు ఇంకా రాలేదు.

నీ అరెకరంలో తవ్వకం ఆపేశారు. మిగతా రెండు చెరువుల అనుమతి మళ్లీ పరిశీలిస్తారట. మనం అడిగిన నియమం గురించి మాత్రం పరిశీలనకి పంపుతాం అన్నారు. ఆ మాట మనకి కొత్త కాదు. కాగితం చేతికి వచ్చేదాకా ప్రతి సోమవారం పదకొండు ఊళ్లూ అక్కడే కూర్చోవాలని తీర్మానించాం. వచ్చే సోమవారం వంతు మనది.

మీ అన్నయ్య కొత్తపేట మీ పెద్దక్క ఇంటికి వెళ్లి కూర్చున్నాడు. నేను వెళ్లి పిలవను. మన బోరు నీళ్లతో పప్పు ఉడికించడానికి సిద్ధపడ్డాక ఆయనే వస్తాడు.

ఇక సంఘం. నిన్న మీటింగు పెట్టి నన్ను అధ్యక్ష పదవి నుంచి తీసేశారు. చెయ్యెత్తిన మొదటి మనిషి అత్తయ్య. "నా సంతకం నా చేతికొచ్చి పదేళ్లు కాలేదే రాజ్యం. దాన్ని బీరువాలో దాచుకోటానికి నీకెవరిచ్చేరు?" అంది. నా చోట లక్ష్మీతులసిని ఎన్నుకున్నారు. కోపం వచ్చిందా అంటే వచ్చింది. ఈ పదేళ్లూ రాత్రనక పగలనక తిరిగింది నేను కాదా అనిపించింది. ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తెత్తి పడేశాను. కానీ వాళ్లు చేసింది తప్పని ఎంత వెతికినా అనలేకపోయాను.

మిగిలిన ఖాళీ పేజీలు అయిదు. అవి నేనే తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టాను. ఎవరి సంతకం వాళ్లే కొట్టేశారు. అత్తయ్య పెన్ను గట్టిగా నొక్కి గీసిన గీతకి కాగితం చిరిగింది.

తర్వాత లక్ష్మీతులసి కొత్త పేజీ తిప్పి పేర్లు పిలిచింది. వచ్చిన వాళ్లు లేచి సంతకం పెట్టాలి, రానివాళ్ల పేరు పక్కన రాలేదనే రాయాలి, గల్ఫ్ వెళ్లిన వాళ్ల పేరు కొట్టెయ్యకూడదు, ఇవీ కొత్త నియమాలు. నీ పేరు పిలిచింది. అలవాటు కొద్దీ నా నోట్లోంచి "ఉంది" అని వచ్చేసింది. అందరూ నావైపు చూశారు. ముప్పై మీటింగుల్లో నువ్వు ఉన్నావని రాయించిన దాన్ని నేనే కదా.

"లేదు, మస్కట్లో ఉంది" అని రాయించాను. ఇంటికొచ్చాక నీ గది తలుపు తీసి కాసేపు కూర్చున్నాను. రెండున్నరేళ్లలో నువ్వు లేవని నాకు మొదటిసారి తెలిసింది సత్యా.

నీ వదిన
రాజ్యలక్ష్మి, సంఘం సభ్యురాలు